మనిషి తర్వాత ఏమిటి? – మగ్గం వైపు నుండి నాలుగు మాటలు
(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి వార్షికోత్సవంలో మమ్మల్ని నూలు ధర గురించో, పొదుపు పథకం గురించో, సంఘం లెక్కల గురించో మాట్లాడమంటారు. ఈసారి యువజన విభాగం వాళ్ళు వేరే అంశం ఇచ్చారు. "మానవోత్తర తత్వం, దానికి మతంతో, మానవవాదంతో ఉన్న సంబంధం" అని కాగితం మీద రాసి చేతిలో పెట్టారు. మేము చదివింది ఎనిమిదో తరగతి. ఆ తర్వాత చదివిందంతా సంఘం చిట్టా ఆవర్జాలే. అయినా సరే అన్నాం. ఎందుకంటే, "మనిషి పని యంత్రం చేస్తే మనిషి గతేమిటి?" అనే ప్రశ్న నేతగాని గడపలోకి వచ్చి రెండు వందల ఏండ్లు దాటింది. మిగతా లోకానికి అది ఇప్పుడిప్పుడే వస్తున్నది. పుణెలో, బెంగళూరులో కంప్యూటరు కొలువులు చేసే మన పిల్లలు పుస్తకాలు చదివి మాకు అర్థం చెప్పారు. మగ్గం సంగతి మేము వాళ్ళకు చెప్పాం. పడుగు వాళ్ళది, పేక మాది.

మన సమాఖ్య ఈరోజే తేల్చుకోవాల్సిన సంగతి కూడా ఇందులో ఒకటి ఉంది. అది చివర చెప్తాం. ముందు విషయం తెలుసుకుందాం.

మూడు మాటలు

ఈ అంశంలో మూడు మాటలు కలగలిసి వస్తాయి. వాటిని విడదీయకపోతే చిక్కుపడ్డ చిలపలాగా కొస దొరకదు.

మొదటిది మానవవాదం. ఇటలీ దేశంలో 15వ శతాబ్దంలో బలపడిన ఆలోచన ఇది. 1486లో పికో డెల్లా మిరండోలా అనే 23 ఏండ్ల పిల్లవాడు మనిషి గౌరవం మీద ఒక ప్రసంగం రాసుకున్నాడు. దాని సారం ఏమిటంటే, దేవుడు మిగతా ప్రాణులకు తలా ఒక చోటు నిర్ణయించాడు, మనిషికి మాత్రం తన చోటు తానే ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చాడు. పోపు అడ్డుపడడంతో ఆ ప్రసంగం చేసే సభ జరగనే లేదు. ఇక్కడ గమనించాల్సింది, మానవవాదం దేవుణ్ణి కాదని పుట్టలేదు. దేవుని పేరు చెప్పే మనిషిని పైకెత్తింది. తర్వాత తర్వాత దేవుడు పక్కకు జరిగి, మనిషి ఒక్కడే నడిమధ్యలో కూర్చున్నాడు.

రెండోది ట్రాన్స్‌హ్యూమనిజం. మనిషి తన శక్తితో తన హద్దులు దాటాలనేది ఈ వాదం. 1957లో జూలియన్ హక్స్లీ అనే జీవశాస్త్రవేత్త ఈ పేరుతో ఒక వ్యాసం రాశాడు. ఈనాటి వాళ్ళు ఇంకా ముందుకు పోయి, ముసలితనం రాకుండా చేయాలి, మెదడులో ఉన్నదంతా కంప్యూటరులోకి ఎక్కించాలి, చావునే గెలవాలి అంటున్నారు.

మూడోది మానవోత్తర తత్వం. పేరు వింటే మనిషి అంతమైపోయాక వచ్చేదేదో అనిపిస్తుంది. అది కాదు. "మనిషి ఎప్పుడైనా ఒంటరిగా, అన్నిటికీ పైన, అన్నిటికీ వేరుగా ఉన్నాడా?" అని అడిగే తత్వం ఇది. 1985లో డోనా హారవే అనే అమెరికా విదుషి, మనం సగం ఒళ్ళు, సగం యంత్రం అయిపోయాం, ఈ రెంటి మధ్య గీత గీయలేం అని రాసింది. 1999లో కేథరిన్ హేల్స్, 2013లో రోసీ బ్రైడోటీ ఆ ఆలోచనను ఇంకా పెంచారు. మనిషి, జంతువు, చెట్టు, యంత్రం ఒకదానితో ఒకటి అల్లుకుని బతుకుతున్నాయని, మనిషిని నడిమధ్య గద్దె నుండి దింపాలని వీళ్ళ మాట.

రెండో వాదం మనిషిని ఇంకా పైకి ఎక్కిస్తానంటుంది. మూడోది కిందికి దించి అందరి పక్కన కూర్చోబెడతానంటుంది. రెంటినీ ఒక్కటే అనుకోకండి.

చట్టం మనల్ని ఎట్లా చెప్పింది?

1985లో కేంద్రం ఒక చట్టం చేసింది. కొన్ని రకాల గుడ్డలను చేనేతకే కేటాయించిన చట్టం అది. అందులో చేనేత మగ్గం అంటే ఏమిటో రాసి ఉంది. ఏమని? మరమగ్గం కాని మగ్గం ఏదైనా చేనేత మగ్గమే అని. అంతే. చేతి గురించి, కాలి గురించి, కంటి గురించి ఒక్క మాట లేదు. యంత్రం కానిది కాబట్టి మనం చేనేత.

ఆ చట్టం చేసినవాళ్ళను తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. మరమగ్గం నుండి కాపాడడానికే అట్లా రాశారు. కానీ తత్వవేత్తలు ఏమంటున్నారో చూడండి. యూరపులో మనిషి అంటే ఎవరని అడిగినప్పుడల్లా, జంతువు కానివాడు, యంత్రం కానివాడు అనే జవాబు చెప్పారట. ఎదుటిదాన్ని కాదనడం ద్వారా తనకు పేరు పెట్టుకున్నాడు. అట్లా పెట్టుకున్న పేరు, ఎదుటిది మారినప్పుడల్లా కదిలిపోతుంది. నిన్నటిదాకా యంత్రం లెక్కలే చేసేది, ఈరోజు బొమ్మ గీస్తున్నది, మాట్లాడుతున్నది. మరి మనిషి ఎవరు? ఈ ప్రశ్న తత్వవేత్తకు ఎట్లా వచ్చిందో, మరమగ్గం మీద మన అంచే దిగినప్పుడు మనకూ అట్లనే వచ్చింది.

నేసేది ఎవరు?

గుంత మగ్గంలో కూర్చున్న మనిషిని చూడండి. కాళ్ళు గుంతలో తొక్కుడు కర్రల మీద, ఒక చెయ్యి పలక మీద, ఇంకొక చెయ్యి నాడె తాడు మీద, కన్ను పోగు మీద. పోగు తెగితే కంటికంటే ముందు కాలికి తెలుస్తుంది. నలభై ఏండ్లు నేసినవాని వీపు మగ్గానికి తగినట్టు వంగుతుంది, మగ్గం పలక అతని అరచేతికి తగినట్టు అరుగుతుంది. ఇక్కడ మనిషి ఎక్కడ ఆగాడు, మగ్గం ఎక్కడ మొదలైంది? హారవే 1985లో రాసిన మాట మన పిల్లలు చదివి చెప్తుంటే మా సంఘంలో ముసలాయన ఒకరు, "ఇందులో కొత్తేముంది బిడ్డా, మగ్గం దిగితే మాకు కాళ్ళు లేనట్టే కదా" అన్నారు.

యంత్రం కూడా మనకు పరాయిది కాదు. జాకార్డు అట్టలు మనందరికీ తెలుసు. అట్టలో రంధ్రం ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. ఒక్కో పేకకు ఒక్కో అట్ట. ఫ్రాన్సు దేశం లియాన్ పట్టణంలో 1725లో బుషాన్ అనేవాడు రంధ్రాల కాగితంతో మొదలుపెట్టిన పనిని, 1804లో జోసెఫ్ మరీ జాకార్డు ఒక కొలిక్కి తెచ్చాడు. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ లెక్కలు చేసే పెద్ద యంత్రం ఒకటి ఊహించి, దానికి ఆజ్ఞలు ఇచ్చే పద్ధతిని ఈ అట్టల నుండే తీసుకున్నాడు. అట్టలతో నేసిన జాకార్డు పటం ఒకటి ఆయన దగ్గర ఉండేది. దానికి 24,000 దాకా అట్టలు పట్టాయి. 1843లో ఏడా లవ్‌లేస్ ఆ యంత్రం గురించి రాస్తూ దాన్ని మన మగ్గంతోనే పోల్చింది. 1890లో అమెరికా జనాభా లెక్కలు రంధ్రాల అట్టలతోనే లెక్కపెట్టారు. అంటే ఈనాటి కంప్యూటరుకు పూర్వీకుల్లో మగ్గం ఒకటి. కృత్రిమ మేధ అని భయపడుతున్నామే, దాని వంశవృక్షం తీస్తే అందులో నేతగాని పేరు కూడా ఉంటుంది.

అయితే కేథరిన్ హేల్స్ ఒక హెచ్చరిక చేసింది. సమాచారానికి ఒళ్ళు అక్కర్లేదు, ఏ పెట్టెలో వేసినా ఒక్కటే అనుకోవడం పొరపాటు అని ఆమె వాదన. నేతగానికి ఇది తొందరగా అర్థమవుతుంది. డిజైను అట్టలో ఉంటుంది, నిజమే. కానీ అట్ట కట్టుకోలేం కదా. వర్షాకాలం గంజి ఎంత చిక్కగా పెట్టాలో, పోగు ఎంత బిగువు ఓర్చుకుంటుందో అట్టలో ఉండదు. మెదడును కంప్యూటరులోకి ఎక్కిస్తామనేవాళ్ళతో మా మాట ఇదే: అయ్యా, మీరు అట్టలు తీసుకుపోతున్నారు, చీర ఇక్కడే ఉంది.

దేవుని మాట

ఇప్పుడు మతం సంగతి. షోలాపూర్‌లో నారళీ పున్నమి నాడు మార్కండేయ రథం వీధుల్లో తిరుగుతుంది. పద్మశాలీలు మార్కండేయుణ్ణి మూలపురుషునిగా కొలుస్తారు. ఆయన కథ అందరికీ తెలిసిందే. పదహారేండ్ల ఆయువు, యముడు పాశం వేసిన క్షణంలో శివలింగాన్ని కౌగిలించుకోవడం, చిరంజీవి కావడం. చావును గెలవాలనే కోరిక ఈనాటి ట్రాన్స్‌హ్యూమనిజం వాళ్ళు కొత్తగా కనిపెట్టింది కాదు. మరి తేడా ఎక్కడ? మార్కండేయుడు తన శక్తిని పెంచుకుని గెలవలేదు. ఇంకొకరిని పట్టుకుని గెలిచాడు. అంతేకాదు, మన పెద్దలు కథను అక్కడ ఆపలేదు. ఆ ఇంట భావనారుషి పుట్టాడని, తామరతూడు పోగుతో గుడ్డ నేసి దేవతల, మనుషుల మానం కాపాడాడని చెప్తారు. దేవాంగులు దేవల మహర్షి గురించి, చౌడేశ్వరి అమ్మవారి గురించి ఇట్లాంటి కథే చెప్తారు. చావు లేని ఇంట్లో కూడా చేయదగిన పని ఏమిటంటే, పక్కవానికి గుడ్డ నేయడం. చావు తప్పించుకున్నాక ఏం చేస్తారని ఈనాటి ధనవంతులను అడిగితే జవాబు ఇంకా రావాల్సే ఉంది.

శ్రీ అరవిందులు 1910 నుండి 1950లో దేహం విడిచేదాకా పుదుచ్చేరిలో ఉన్నారు. మన యానాం వాళ్ళకు అది రాజధాని. మనిషి చివరి మెట్టు కాదు, నడుమ మెట్టే, ఇంకా ఎదగాల్సి ఉంది అని ఆయన బోధ. వినడానికి ట్రాన్స్‌హ్యూమనిజంలాగే ఉంటుంది. కానీ ఆయన చెప్పిన దారి యోగం, లోపలి మార్పు. ఒంటికి యంత్రం తగిలించుకోవడం కాదు.

ఇంక దసరాకు మగ్గానికి పసుపు కుంకుమ పెడతాం. నాడెకు దండం పెడతాం. కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం. వస్తువులో కూడా ఏదో ఉందనే ఈ భావాన్ని మానవోత్తర తత్వం ఇప్పుడు పుస్తకాల్లో రాస్తున్నది. అయితే ఇదంతా మన పురాణాల్లో ముందే ఉంది అని చంకలు గుద్దుకోవడానికి మేము చెప్పడం లేదు. చీమలో జీవుణ్ణి చూసిన సమాజమే పక్క వాడలోని మనిషిని ఊరి బయట ఉంచింది. ముతక గుడ్డ నేసి ఊరందరికీ కట్టబెట్టిన దళిత నేతగాళ్ళకు నేత కులాల వరుసలో చోటు దొరకలేదు. అన్ని జీవులూ ఒక్కటే అనడం సులువు, మనుషులందరూ ఒక్కటే అనడమే కష్టం.

ఆ కష్టమైన మాట చెప్పినవాళ్ళు మన పనివాళ్ళలోనే ఉన్నారు. కన్నడ దేశంలో వచనాలు చెప్పిన జేడర దాసిమయ్య నేతగాడు. కాశీలో కబీరు నేతగాడు. 12వ శతాబ్దంలో కల్యాణంలో బసవన్న, మా షోలాపూర్‌లో చెరువు తవ్వించిన సిద్ధరాముడు కాయకమే పూజ అన్నారు, చేసే పనిని బట్టి మనిషిని తక్కువ చేయొద్దన్నారు. ఇటలీ పికో పుట్టడానికి మూడు వందల ఏండ్ల ముందు సంగతి ఇది. మనిషి గౌరవం అనే మాట యూరపు నుండి మాత్రమే రాలేదు, మగ్గం గుంతలో నుండి కూడా వచ్చింది. అది దేవుణ్ణి వదలని మానవవాదం.

బాకీ పడ్డ మానవవాదం

ఇప్పుడు అసలు సంగతి. 1789లో ఫ్రాన్సులో మనిషి హక్కుల ప్రకటన చేశారు. మనుషులందరూ స్వేచ్ఛగా, సమానంగా పుట్టారన్నారు. రెండేండ్లకు ఒలంప్ ద గూజ్ అనే ఆవిడ, మరి ఆడవాళ్ళ సంగతేమిటని ఇంకొక ప్రకటన రాసింది. 1793లో ఆమె తల నరికారు.

ఇంకొక నలభై ఏండ్లకు, 1831లో, అదే ఫ్రాన్సు, అదే లియాన్, జాకార్డు పుట్టిన ఊరు. అక్కడి పట్టు నేతగాళ్ళు అడిగింది ఒక్కటే, గజానికి ఇంత అని కనీస కూలి ఖాయం చేయమని. అధికారి సమక్షంలో ఒప్పందం కుదిరింది. కొందరు వ్యాపారులు ఒప్పుకోలేదు. నవంబరులో నేతగాళ్ళు తిరగబడి ఊరిని పట్టుకున్నారు. డిసెంబరులో రాజు సైన్యం దిగింది, ఒప్పందం రద్దయింది. మన యానాం కూడా అప్పుడు ఆ ఫ్రాన్సు జెండా కిందనే ఉంది, 1954 దాకా ఉంది. ఇంగ్లండులో 1812లో అల్లిక మగ్గాలు విరగ్గొట్టినవాళ్ళకు ఉరిశిక్ష వేసే చట్టమే చేశారు. యంత్రం ప్రాణానికి అంత విలువ కట్టి, మనిషి ప్రాణాన్ని దాని కింద పెట్టారన్నమాట.

అంటే మనిషి గొప్పవాడు అని ప్రకటించిన కాలంలో కూడా నేతగాణ్ణి ఆ మనిషి లెక్కలో పూర్తిగా వేయలేదు. బ్రైడోటీ ఈ సంగతినే గట్టిగా ఎత్తి చూపుతుంది. ఆడవాళ్ళు, బానిసలు, వలస దేశాల వాళ్ళు, ఇట్లా ఎందరినో చరిత్రలో నిండు మనుషులుగా లెక్కించలేదని, కాబట్టి ఆ పాత 'మనిషి' బొమ్మను పట్టుకుని ఏడవాల్సిన పని లేదని ఆమె వాదన.

ఆమె చెప్పిన రోగం నిజమే. మందు దగ్గర మాత్రం మేము ఆగుతాం. 2019–20 చేనేత గణనలో దేశంలో 35 లక్షల పైచిలుకు నేత, అనుబంధ పనివాళ్ళు తేలారు. వాళ్ళలో నూటికి 72 మంది ఆడవాళ్ళు. మూడింట రెండు వంతుల కుటుంబాల నెల ఆదాయం 5,000 రూపాయల లోపే. మన ఇళ్ళల్లో ఆసు పోసేది, కండెలు చుట్టేది, గంజి పెట్టేది ఆడవాళ్ళు. బిల్లు మీద పేరు మాత్రం మగ్గం మీద కూర్చున్నవానిది. వీళ్ళకు మానవవాదం ఇచ్చిన మాట ఇంకా బాకీ ఉంది. చిట్టాలో బాకీ ఉన్న ఖాతాను, "ఇక ఆ పద్ధతి పాతబడింది" అని కొట్టేస్తామంటే ఏ సెక్రటరీ ఒప్పుకుంటాడు? మనిషిని గద్దె దించండి, మంచిదే. మేము ఆ గద్దె మీద ఎప్పుడు కూర్చున్నాం? ముందు బాకీ తీర్చండి, తర్వాత ఖాతా మూయండి.

సంతకం ఎవరిది?

మనిషి కానిదాన్ని మనిషిగా చూడడం మనకు కొత్త కాదని ఇంకొక ఉదాహరణ. మా సహకార సంఘం ఉంది. 1960 నాటి మహారాష్ట్ర చట్టం ప్రకారం అది ఒక వ్యక్తి. దానికి నెత్తురు లేదు, ఆకలి లేదు, కానీ దాని పేరు మీద స్థలం ఉంది, బ్యాంకు ఖాతా ఉంది, కోర్టులో దావా వేయగలదు. గుడిలో దేవుడు కూడా చట్టం ముందు వ్యక్తే. కలకత్తాలో ఒక ఇంటి దేవుని విగ్రహం గురించి వచ్చిన తగాదాలో 1925లో ప్రీవీ కౌన్సిల్ ఈ మాట గట్టిగా చెప్పింది. 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగ, యమునలు కూడా వ్యక్తులే అన్నది. కొన్ని నెలలకే సుప్రీంకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. ఆ నదుల వల్ల నష్టం జరిగితే ఎవరి మీద దావా వేయాలి, ఎవరు కట్టాలి అనే చిక్కు అందులో ఉంది.

అక్కడే ఉంది కిటుకు. సంఘం వ్యక్తే, కానీ చెక్కు మీద సంతకం సెక్రటరీది, అధ్యక్షునిది. డబ్బు తేడా వస్తే సంఘాన్ని జైలులో పెట్టరు, మమ్మల్ని పెడతారు. దేవుడు వ్యక్తే, కానీ లెక్క చెప్పాల్సింది ధర్మకర్త. కాబట్టి గౌరవాన్ని ఎంతమందికైనా పంచవచ్చు, మగ్గానికి, నదికి, చెట్టుకు, చివరికి కంప్యూటరుకు కూడా. బాధ్యత మాత్రం పేరున్న మనిషి మీదనే ఉండాలి. "మేము చేయలేదు, యంత్రం చేసింది" అనే మాట ఎక్కడ చెల్లుతుందో, అక్కడ కూలివాడు అడగడానికి గుమ్మమే లేకుండా పోతుంది.

పట్టుపురుగును కూడా ఇక్కడ మరవొద్దు. ఒక పట్టు చీరకు వేల పురుగులు గూళ్ళలోనే వేడినీళ్ళలో చస్తాయి. బరంపురంలో, కంచిలో పట్టు నేసేవాళ్ళ అన్నం అది, దాన్ని కాదనడం మా ఉద్దేశం కాదు. కానీ హైదరాబాదు చేనేత రంగానికి చెందిన కుసుమ రాజయ్య గారు, సీతాకోక గూడు చీల్చుకుని ఎగిరిపోయాకే ఆ గూటి నుండి నూలు వడికే అహింసా పట్టును ముందుకు తెచ్చారు. మెరుపు కొంచెం తక్కువ, ఖర్చు ఎక్కువ. మనిషి ఒక్కడే లెక్క కాదు అనే తత్వాన్ని పుస్తకంలో కాకుండా నూలులో చూపడం అంటే ఇదే. ఆ నూలు నేసేవానికి కూలి తగ్గకుండా చూస్తే పురుగూ బతుకుతుంది, మనిషీ బతుకుతాడు.

యంత్రం సంగతిలో కూడా మనకు మంచి కొలబద్ద ఒకటి ఉంది. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం గారు, చీర చీరకూ వేలసార్లు చెయ్యి ఆడించి ఆసు పోసే తల్లి భుజం నొప్పి చూడలేక, 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం నొప్పిని తీసేసింది, నేసే ఇంటిని తీసేయలేదు. ఏ కొత్త యంత్రం వచ్చినా, అది నొప్పిని తీసేస్తుందా, మనిషిని తీసేస్తుందా అని అడిగితే చాలు.

ఇక మన ముందున్న పని

మొదట చెప్తామన్న సంగతి ఇదీ. ఈ ఏడు మన సభ్య సంఘాలకు ఒక ప్రతిపాదన వచ్చింది. మన పాత నమూనా పుస్తకాలు, అట్టలు, అంచులు, కొంగులు అన్నీ ఫోటోలు తీసుకుని, వాటితో కంప్యూటరుకు నేర్పించి, అది గీసిన కొత్త డిజైన్లను మనకు రెండేండ్లు ఉచితంగా ఇస్తామని. పిల్లలు వెంటనే ఒప్పుకోమంటున్నారు. పెద్దలు పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేయమంటున్నారు. రెండూ మాకు సరిగా తోచడం లేదు. తాళం వేసిన నమూనాను చెదలు చదువుతుంది. ఊరికే ఇచ్చిన నమూనా రెండేండ్ల తర్వాత మనకే అమ్మకానికి వస్తుంది.

కాబట్టి ఈ సభ ముందు మా విన్నపం. ముందుగా ప్రతి సంఘం ఒక నమూనాల దస్తరం రాయాలి. ఈ అంచు ఏ ఇంట్లో పుట్టింది, ఎవరు నేశారు, పడుగు ఎవరు చేశారు అని. పేరు తెలియకపోతే ఊరి పేరు, వాడ పేరు రాయండి. ఆ పేర్లలో ఆడవాళ్ళవి తప్పకుండా ఉండాలి. మూడు తరాల కింద తెలంగాణ నుండి నడిచి వచ్చి 1877లో పెట్టిన షోలాపూర్ మిల్లు చుట్టుపక్కల గుడిసెలు వేసుకున్నవాళ్ళ అంచులు కొన్ని, ఇప్పుడు డెబ్బై ఎనభై ఏండ్ల అవ్వలకే గుర్తున్నయి. వాళ్ళను అడగడానికి ఎక్కువ టైము లేదు.

దస్తరం అయ్యాకే ఫోటోలు. ఇచ్చేది సంఘం తీర్మానంతో, గడువు రాసుకుని, సంఘానికి వాటా పెట్టుకుని ఇవ్వాలి. కంప్యూటరు గీసినదాన్ని కంప్యూటరు గీసిందనే చెప్పి అమ్మాలి, నేసినవాని పేరు చీర మీద ఉండాలి. నేసే మనిషి "ఈ డిజైను మా మగ్గానికి పనికిరాదు" అంటే ఆ మాట చెల్లాలి. ఒప్పందం కింద ఇటు నుండి సంఘం కార్యదర్శి, అటు నుండి పేరూ చిరునామా ఉన్న మనిషి సంతకం చేయాలి. ఈ షరతులకు ఒప్పుకుంటే ఇద్దాం. ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టి పంపిద్దాం.

యువజన విభాగం బిడ్డలారా, ఈ అంశం ఇచ్చింది మీరే కాబట్టి పని కూడా మీకే చెప్తున్నాం. దస్తరం కంప్యూటరులో మీరు ఎక్కించండి, అవ్వల దగ్గర కూర్చుని అడిగి రాసేది మా వయసువాళ్ళం చేస్తాం. రంగులున్న పేజీలు ఇరవై మా సంఘం ఖర్చుతో అచ్చు వేయించి ఇస్తాం. తీర్మానం కాగితం అధ్యక్షుల బల్ల మీద ఉంది. భోజనాలకు లేచే ముందు చదివి, ఒప్పుకున్నవాళ్ళు సంతకాలు పెట్టండి.

 జై మార్కండేయ. జై చౌడేశ్వరి. సెలవు.